షిఫ్టు క్యాలెండరు కోడు అడగడానికి గోదావరిఖని వెళ్ళాను

బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ళు వాడే ఒక షిఫ్టు క్యాలెండరు యాప్‌ను హనుమకొండలో మా పక్కింటాయన తన ఫోనులో తెచ్చి చూపించాడు. తెరవగానే నా పేరు, పక్కన జోడించిన రెండు చేతుల బొమ్మ. పోయినవాళ్ళకు పెట్టినట్టే ఉంది. అసలు బాధ అది కాదు. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యాక నేనొక తెలుగు క్యాలెండరు ప్రోగ్రాము రాసి, కాపీలెఫ్ట్ లైసెన్సుతో వదిలాను. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. షరతు ఒక్కటే: మార్చినదాన్ని నలుగురికీ పంచితే, దాని మూల కోడు కూడా వాళ్ళకు అదే షరతు మీద ఇవ్వాలి. ఈ యాప్‌తో కోడు ఎక్కడా ఇవ్వలేదు. యాప్ చేసినవాళ్ళకు రెండు మెయిళ్ళు రాస్తే రెండింటికీ ‘ధన్యవాదాలు మేడం’ అని జవాబు వచ్చింది. ఇక యాప్‌లో ఇచ్చిన గోదావరిఖని చిరునామా పట్టుకుని రైలెక్కక తప్పలేదు.

కాజీపేటలో పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదరకముందే రామగుండంలో దిగవచ్చు. స్టేషను నుంచి గోదావరిఖని చౌరస్తాకు షేర్ ఆటోలో ముప్ఫై రూపాయలు తీసుకున్నారు. ఎవరింటికని డ్రైవరు అడిగితే ‘కొట్లాటకు’ అన్నాను. “కొట్లాటకైతే ముంగట కూసో అవ్వా, జల్ది దిగొచ్చు” అన్నాడు.

యాప్ చేసిన షబానాది చౌరస్తా వెనక చిన్న జిరాక్సు దుకాణం. ఇంజినీరింగ్ చదివింది, భర్త గనిలో పనిచేస్తాడు. నన్ను చూసి నిజంగానే సంబరపడింది. కోడు సంగతి ఎత్తగానే ముఖం చిన్నబోయింది.

“పేరు ఏసినం గదమ్మా. మా కాలనీల బెంచి ఇచ్చినోళ్ళ పేరు బెంచి మీద రాస్తరు. గంతకంటె ఏం జెయ్యాలె?”

“రాస్తరు బిడ్డా. ఆ బెంచికి తాళం ఎయ్యరు గద” అన్నాను.

నవ్వింది గానీ, తన ఇబ్బంది కూడా దాచలేదు. ఒక ప్రైవేటు బస్సుల యజమాని ఈ యాప్‌ను తన డ్రైవర్ల కోసం కొనబోతున్నాడు. కోడు తనకు తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదన్నది అతని పట్టు. ఆ బేరం కుదిరితే జిరాక్సు పని మానేసి పూర్తిగా సాఫ్ట్‌వేరు మీదే బతకవచ్చని ఆమె ఆశ. నా భాగం తీసేసి సొంతంగా రాసుకోవడం ఇంకో దారి అని నేనే చెప్పాను. దానికి నెలలు పడతాయని, అతను ఆగడని అంది.

తాను మార్చినదేమిటో చూపించమన్నాను. రాత్రి షిఫ్టు ఒక తేదీన మొదలై మరో తేదీన ముగుస్తుంది. నా ప్రోగ్రాము దాన్ని రెండు డ్యూటీలుగా లెక్కపెడుతుంది. షబానా ఆ తప్పును ఎంత పొందికగా సరిచేసిందంటే, తిట్టడానికి వచ్చిన సంగతి కాసేపు మరిచిపోయాను.

పక్కనే ఇంట్లో అన్నం పెట్టింది. పప్పుచారు బ్రహ్మాండం. తింటుండగా బస్సుల యజమాని ఫోను. ఎడంచేత్తో ఎత్తి, కోడు ఇంకెవరికీ ఇవ్వొద్దన్న అతని మాటే మళ్ళీ విని, తాపీగా అంది:

“అన్నా, మా ఆయన షిఫ్టు దిగెటప్పుడు గని లోపల పైకప్పు ఏడ పగిలిందో తర్వాతి షిఫ్టు ఎక్కెటోనికి చెప్పి వస్తడు. గీ అమ్మ నాకు గట్లనే ఇచ్చింది. నేను తాళమెయ్య. కోడు అందరికి ఇస్త. మీ బస్సులకు పని జేసుడు మాత్రం నేనే జేస్త.”

ఆలోచిస్తానని అతను ఫోను పెట్టేశాడు. ఆ మాటకు అర్థం మా ఇద్దరికీ తెలుసు. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, నా ఎదుటే కోడంతా లైసెన్సుతో సహా నెట్‌లో పెట్టింది.

ఇది రాసే నాటికి అతను మళ్ళీ ఫోను చేయలేదు. రామకృష్ణాపూర్ నుంచి ఒకమ్మాయి మాత్రం ఆ కోడు తీసుకుని, తమ గనికి తగ్గట్టు మార్చి, మార్చింది షబానాకు పంపిందట. ఈ లైసెన్సుల పాఠం నేను చాలా ఏళ్ళు చెప్పాను, పరీక్షలో బాగా రాసినవాళ్ళనూ చూశాను. ఏం పోతుందో తెలిసి కూడా పాటించిన మనిషిని చూడడం ఇదే మొదలు.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: ‘మీరు తప్పు చేశారు’ అని మొదలుపెట్టకండి. ‘మీరు మార్చింది చూపిస్తారా?’ అని అడగండి. కష్టపడి రాసినవాళ్ళకు చూపించాలనే ఉంటుంది.