పీట దాటని నీళ్ళు

థ్వా ఆ రోజు నిజం చెప్పిందా, అబద్ధం చెప్పిందా? ఎనిమిదేళ్ళయింది, ఇప్పటికీ తేల్చుకోలేను. ఆమె ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను, ఆమె పోసిన టీ తాగుతూ.

హోయ్ ఆన్ ఊళ్ళో ఏటి పక్క వీధి మాది. ఎంత ఇరుకంటే, మా మేడ కిటికీలోంచి ఎదురింటి మేడ మీదికి ఉప్పు అందించవచ్చు. ఆ ఎదురింట్లో, వెనక వాకిలి పక్క గదిలో, థ్వా నలభై రెండేళ్ళు అద్దెకుంది. పంతొమ్మిదో ఏట పడవ నడిపే మొగుడితో వచ్చింది. అతను దగ్గుతూ దగ్గుతూ పోయాడు. పిల్లలు లేరు. గదిలో ఒక పొయ్యి, సోయా గింజలు విసిరే తిరగలి. పొద్దున్నే పాలు విరిచి ఆ మెత్తటి ముద్దని ఒక కుండలో, అల్లం పాకం ఇంకో కుండలో పెట్టుకుని, వీధుల్లో అమ్మడానికి కావడి భుజానికెత్తేది.

"పాకం ఇంకాస్త పోయవూ, థ్వా," అని నేనంటే, "పాకమే కావాలంటే కుండకి నోరు పెట్టండి మాస్టారూ, గిన్నె దేనికి," అనేది.

వరద తీసిన ప్రతిసారీ ఆమె చేసే పని ఒకటుండేది. ముందు గదిలో పెద్ద స్తంభం మీద నీళ్ళు ఆగిన చోట చాకుతో గీత గీసి, పక్కన ఆ సంవత్సరపు జంతువుని చెక్కేది. మా పంచాంగంలో ఏడాదికో జంతువు పేరు. పిల్లి సంవత్సరం వరద గీత నా తలకన్నా పైన. డ్రాగన్ సంవత్సరానిది ఆమె రాకముందు ఎవరో గీసింది, ఇంకా పైన.

ఇంటి యజమాని ఖాయ్ ఉండేది దా నాంగ్ పట్నంలో. ఇల్లు అమ్మకానికి పెట్టగానే ముందు పనివాళ్ళని పంపించాడు. వాళ్ళు స్తంభాలన్నీ గీకి, నున్నగా చేసి, నల్లటి వార్నిషు పూశారు. థ్వా నన్ను పిలిచి చూపించింది.

"నా మొహం కనిపిస్తోంది మాస్టారూ. గీతలే లేవు."

కొంటామని మొదట వచ్చినవాళ్ళు హోటలువాళ్ళు. టేపులతో గదులు కొలిచి, స్నానాల గదులు ఎన్ని పడతాయో లెక్కేసుకుని, ఇల్లు ఖాళీగా అప్పగించాలన్నారు. వెనక వాకిట్లో తిరగలిని ఒకడు కాలితో కదిపి చూశాడు. ఆ తరవాత సైగాన్ నుంచి డాన్ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, బట్టల దుకాణం పెట్టాలని. వాళ్ళమ్మకి పక్షవాతం, మాట లేదు, మంచం మీదే.

"నీ గది నీదే పిన్నీ," అంది డాన్ వచ్చిన అరగంటకే. "నేను దుకాణంలో ఉంటే అమ్మని చూసేవాళ్ళుండాలి కదా."

థ్వా మొహంలో నెత్తురు అప్పుడు తిరిగొచ్చింది. ఈ పిల్ల కొంటే గది ఉంటుంది, కొనకపోతే పోతుంది.

ఖాయ్, డాన్, థ్వా, నేను, నలుగురం టీకి కూర్చున్నాం. డాన్ వార్నిషు స్తంభాన్ని వేలితో నిమురుతూ అడిగింది.

"పిన్నీ, ఇక్కడ వరదలొస్తాయని మావాళ్ళు ఒకటే భయపెట్టారు. అమ్మ మంచం కిందే వెయ్యాలి. నీళ్ళు ఎంతదాకా వస్తాయి?"

ఖాయ్ దగ్గాడు.

"వస్తాయమ్మా," అంది థ్వా. "ఏరు పక్కనుంటే రాకుండా ఎందుకుంటాయి. కానీ నేనున్న ఇన్నేళ్ళలో పీట మాత్రం దాటలేదు."

మా ఇళ్ళలో దండం పెట్టుకునే చోట్లు రెండుంటాయి. పోయినవాళ్ళ ఫోటోలూ ధూపమూ ఉండేది పెద్దల పీట. మా వీధిలో దాన్ని మేడ దూలాల కిందికి, నిచ్చెన వేస్తే తప్ప అందనంత ఎత్తున కడతారు. రెండోది నేల సామిది. పొట్ట పెంచుకుని నవ్వే ఆ మట్టి సామి చెక్కపెట్టెలో, గుమ్మం దగ్గర నేల మీదే కూర్చుంటాడు. మేం దాన్ని పెట్టె అంటాం, పీట అనం. పీటంటే మాకు పైదొక్కటే. సైగాన్ వ్యాపారస్తులు పొద్దున లేస్తే కాఫీ పెట్టి దండం పెట్టేది నేల సామికే. పీటంటే వాళ్ళకి ఆయనే.

డాన్ చూపు కిందికి పోయింది. నేల సామి నెత్తి ఆమె మోకాలికి కూడా రాదు.

"ఓస్, ఇంతేనా. చీపురుతో ఊడ్చెయ్యచ్చు."

ఆ చూపు ఎక్కడికి పోయిందో థ్వా చూసిందా? ఆమె తల వంచుకుని నా గిన్నెలో టీ పోస్తోంది. నిండి పళ్ళెంలోకి కారుతున్నా పోస్తూనే ఉంది. నేను మాత్రం చూశాను. 'ఆ పీట కాదమ్మా' అనడానికి మూడు మాటలు చాలు. నేను టీ తాగాను.

నెల తిరక్కుండా డాన్ ఇంట్లో దిగింది. తల్లి మంచం నేల సామి పక్కనే వేసింది.

మా పంచాంగం ఎనిమిదో నెలలో చీమలు గుడ్లు మోసుకుంటూ వార్నిషు మీద జారుతూ స్తంభం ఎక్కడం మొదలుపెట్టాయి. ఏట్లో నీళ్ళు ఇటిక రంగుకి తిరిగాయి. వీధిలో అందరూ బియ్యం మేడ మీదికి చేర్చుకున్నారు.

"అక్క మంచం పైన వేద్దామా, డాన్?" అని థ్వా అడగడం మా కిటికీలోకి వినిపించింది.

"ఆ మెట్లు నిచ్చెనలా ఉన్నాయి పిన్నీ, ఎవరు మోస్తారు? అయినా పీట దాటవన్నావుగా."

గుడ్డ పిండిన చప్పుడు.

"దాటవు," అంది థ్వా.

ఆ మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం, ఒళ్ళు తుడిచే నెపంతో, ఆ ముసలమ్మని రెండు చేతులతో ఎత్తి కాసేపు అలాగే నిలబడేది. మేడ నేలలో, వరదప్పుడు సరుకు పైకి లాగే చదరపు తలుపుంటుంది. దాని కప్పీకి నూనె పెట్టింది. కొత్త తాడు కట్టింది. గట్టి ఉయ్యాల వల ఒకటి కొనుక్కొచ్చింది.

"ఏం చేస్తున్నావు థ్వా?" అన్నాను కిటికీలోంచి.

"బరువు చూసుకుంటున్నాను మాస్టారూ. కావడి మోసేదాన్ని, అలవాటు."

"చెప్పెయ్యరాదూ?"

"చెప్తే ఈ పిల్ల రేపే అమ్ముకుని పోతుంది. హోటలువాళ్ళు వీధి చివరే ఉన్నారు." తాడు ముడి పళ్ళతో బిగించింది. "అయినా నేను అబద్ధమాడానా?"

"లేదు."

"మరి మీరు?"

కిటికీ తలుపు దగ్గరకి వేసుకున్నాను.

తొమ్మిదో నెలలో కొండల మీద నాలుగు రోజులు వాన పడింది. అయిదో రోజు పొద్దున డాన్ సరుకు దించుకోవడానికి వంతెన అవతలికి వెళ్ళింది. ఆమె వెళ్ళిన గంటకి నీళ్ళు గడప ఎక్కాయి. పరుగెత్తి రావు మా నీళ్ళు, చప్పుడు లేకుండా లేస్తాయి. నేల సామి తన పెట్టెతో సహా తేలి, నవ్వుతూనే, గుమ్మం దాటి వీధిలోకి పోయాడు. ఇంటికి కాపలాగా గుమ్మం పైన చెక్కే రెండు కళ్ళ కిందుగా నీళ్ళు నల్లగా కదులుతున్నాయి.

ఎదుటి మేడ మీద తాడు బిగుసుకోవడం చూశాను. కిందికి దిగి సాయం పట్టే దారి అప్పటికే లేదు. థ్వా ఒక కాలు గోడకి తన్నిపెట్టి లాగుతోంది. చదరపు తలుపులోంచి ముందు వల, తరవాత ముసలమ్మ తల పైకొచ్చాయి. ఆమె కళ్ళు తెరుచుకుని నన్నే చూశాయి. థ్వా అరచేతులు ఒరుసుకుపోయి తాడంతా ఎర్రగా ఉంది.

మధ్యాహ్నానికి డాన్ పడవలో వచ్చి మేడ కిటికీలోంచి ఎక్కింది. తల్లి మొహం రెండు చేతులతో తడిమింది. తరవాత చదరపు తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కిందికి చూసింది. మంచం లేదు. గది లేదు. పెద్దల పీటకి జానెడు కింద నీళ్ళు.

"నువ్వు చెప్పిన పీట..." అంది.

"అదేనమ్మా."

డాన్ చాలాసేపు ఆ పీట వంకే చూసింది.

"దాటలేదు," అంది చివరికి.

"దాటలేదు," అంది థ్వా.

రెండు రోజులు ఆ మేడ మీద ముగ్గురూ ఉన్నారు. నీళ్ళు తీస్తున్నప్పుడే బురద తోసెయ్యాలి, ఆలస్యమైతే గట్టిపడుతుంది. థ్వా మోకాటి లోతు నీళ్ళలో ఒక్కతే ఊడ్చింది. ఊడ్చాక నిచ్చెన ఎక్కి, చాకుతో వార్నిషు చీల్చి గీత గీసి, పక్కన ఆ సంవత్సరపు కోడిని చెక్కింది. డాన్ గుమ్మంలో నిలబడి చూసింది, వద్దనలేదు.

"గది ఆమెదే మాస్టారూ," అంది డాన్ ఆ తరవాత ఎప్పుడో నాతో. "నేను పొమ్మన్లేదు. ఒక్క మాట కూడా అనలేదు."

గీత గీసిన మర్నాడు పొద్దున థ్వా ముసలమ్మకి ఒక గిన్నె తినిపించి, మూతి తుడిచింది. గది తాళంచెవి కిటికీ చువ్వకి తగిలించింది. కావడికి ఒక వైపు తిరగలి, ఇంకో వైపు కుండలు కట్టింది. డాన్ లోపల బట్టలు పిండుతోంది. నేను కిటికీలోనే ఉన్నాను. థ్వా మా గుమ్మం ముందు భుజం మార్చుకుంది, తలెత్తలేదు, వంతెన వైపు నడిచి వెళ్ళిపోయింది.