నడిమి ముక్క

మొన్న ఆదివారం మా మనుమరాలు తొమ్మిది గుడ్డముక్కలు నేల మీద పరుచుకొని కూర్చుంది. వాటిని కలిపి చదరంగా కుట్టుకొని రమ్మని బడిలో చెప్పారట. ఎనిమిది ముక్కలు ఇంట్లో పాత దుప్పట్లవి. ఒకటి మాత్రం దుకాణం నుంచి అప్పుడే తెచ్చిన కొత్త గుడ్డ, గంజి వాసన కూడా పోలేదు. "దాన్ని తడిపి ఆరేసి కుట్టవే, లేకపోతే తర్వాత ముడుచుకుంటుంది" అన్నాను. "రేపే ఇవ్వాలి అమ్మమ్మా, దీన్నెవరు ఉతుకుతారు?" అంది తల ఎత్తకుండానే. నాకు చిర్రెత్తుకొచ్చింది. పోయి వంటింట్లో గిన్నెలు నాలుగు చప్పుడు చేశాక తెలిసింది, ఆ కోపం ఇవాళ్టిది కాదని. అరవై ఏళ్ల కింద మా అవ్వ మీద వచ్చింది. ఇంకా దిగలేదు.

మాది హాలియాకు కోసెడు దూరంలో గొర్లు కాసే ఇల్లు. సాగర్ కట్ట ఇంకా లేస్తున్న రోజులు, మా దిక్కు కాలువ నీళ్లు మాటల్లోనే పారేవి. కప్పుకోవడానికి గొంగళ్లకు కొదువ లేదు గానీ పసిపిల్లల ఒంటికి గొంగడి గుచ్చుకుంటుంది. అందుకని అక్క తొలి కాన్పుకు వచ్చినప్పుడు, పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టాలని బాపును కన్న మా అవ్వ పట్టుబట్టింది. కొత్త గుడ్డ పసిపిల్లకు తగలకూడదు. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత ధోవతులే కావాలి. నడిమి ముక్క మాత్రం ఇంటి పెద్దవాళ్లు వాడినది ఉండాలి, వాళ్ల ఆయుష్షు బిడ్డకు వస్తుందని. మా తాత అంతకు ముందు ఏడాదే పోయాడు. ఆయన తలకు చుట్టుకున్న రుమాలు ఆయనతోనే పోగా, జానెడు ముక్క ఒకటి అవ్వ సందూకలో దాచుకుంది. అది నడిమి ముక్క. అవ్వ కండ్లకు పొర కమ్మింది కాబట్టి కుట్టే పని పన్నెండేళ్ల నా మీద పడింది.

ఊరికే చేస్తానా? అది అవ్వకూ తెలుసు. "శుక్రారం మీ బాపు గుట్టకు పోతాండు. నడుమ తొమ్మిది ముక్కలు సాపుగొస్తే నువ్వు గూడ పో. రాకపోతే ఇంట్లనే ఉండు" అంది. నేనప్పటికి హాలియా అంగడి దాటి ఎరగను. యాదగిరిగుట్ట అంటే దేవుడి మాట తర్వాత, ముందు బస్సు. ఆ బస్సు కోసం బొంత ఏమిటి, ఊరంతటికీ గుడారం కుట్టమన్నా కుట్టేదాన్ని.

అవ్వ పద్ధతిలో గుడ్డను కత్తిరించకూడదు, చింపాలి. అంచున పంటితో గాటు పెట్టి లాగితే పోగు వెంబడి తిన్నగా చిరుగుతుంది. అంచులు మాత్రం పీచులు పీచులుగా వస్తాయి. నాకా పీచులు నచ్చక, పక్కింటి కత్తెర అడిగి తెచ్చి ముద్దుగా కత్తిరించుకున్నాను. కుట్టి పరిస్తే నాలుగు మూలలు నాలుగు దిక్కులు చూశాయి. అవ్వ అరచేత్తో నిమిరి "లేస్తాంది బిడ్డా. ఇప్పి మళ్ల కుట్టు" అంది. రెండోసారి చింపే కుట్టాను గానీ, కోపానికి దారం గుంజి గుంజి కుట్టడంతో ముక్కలన్నీ మూతి ముడుచుకున్నాయి. "దారం మీద కోపమెందుకే? అదేం జేసింది నిన్ను?" అంది అవ్వ. మూడోసారి ఒక వరుస అరవేలు పొట్టిదైంది. ఇప్పు. కండ్లు కనబడని మనిషి అలా తప్పులు పట్టడం అన్యాయమనిపించేది. ఆ రోజుల్లో నన్నెవరు ఎంత తిట్టినా అంత బాధ లేదు, "ఇప్పు" అనే ఆ ఒక్క మాట తప్ప. దానికి తోడు వేలికి పోట్లు పడి అన్నం కలుపుకుంటే కారం మండేది.

గురువారం నాలుగోసారి కూర్చున్నాను. ఉల్లిపొరలా పలచబడ్డ రుమాలు ముక్క అప్పటికి మూడుసార్లు సూది దెబ్బలు తిని ఉంది. దారం లాగుతుంటే ఆ బెజ్జాల వెంబడే పర్రున చిరిగి రెండు పేలికలైంది. చెబితే గుట్ట పోతుంది. చెప్పకపోతే నడుమ ఏం పెట్టను? అక్క రైకకని తెచ్చుకున్న ఎర్ర మిల్లు గుడ్డలో మూలకింత చింపి, గంజి పోయేదాకా చేతుల్లో నలిపి నలిపి నడుమ పెట్టి కుట్టాను. రుమాలు పేలికలు పొయ్యిలో పడేశాను. మంట కూడా సరిగా రాలేదు.

అవ్వ వేళ్లు వరుస వరుసకే వచ్చి నడిమి ముక్క దగ్గర ఆగాయి. దాని చుట్టూ రెండుసార్లు తిరిగాయి. నేను నా కాలి బొటనవేలు చూస్తూ నిలబడ్డాను. "సాపుగనే ఉన్నది. పొద్దుగాల తలకు పోసుకొని బాపుతోని పో" అంది అవ్వ.

బస్సెక్కాను, గుట్ట ఎక్కాను. దేవుడు కనబడలేదు, ముందు నిలబడ్డవాళ్ల వీపులు కనబడ్డాయి. ఏం మొక్కుకున్నవే అని బాపు అడిగితే అక్క కోసమని చెప్పాను. నిజానికి ఆ బొంత ఎవ్వరూ ఉతకొద్దని మొక్కుకున్నాను.

నెల రోజులకు అక్కకు ఆడపిల్ల పుట్టింది. తొట్టెలలో వేసే ముందు అమ్మ ఆ బొంతను ఉడుకు నీళ్లలో నానేసింది. ఎర్ర ముక్క పిడికెడుగా గుంజుకొని చుట్టూ ఎనిమిదింటినీ తనకేసి లాక్కుంది. రంగు కారి ధోవతి ముక్కలన్నీ పాడయ్యాయి. అవ్వ తడి బొంతను ఒళ్లోకి తీసుకొని ఆ ముడత మీద చెయ్యి పెట్టింది.

"రుమాలు ముక్కేదే?"

"చినిగింది. పొయ్యిలేసిన."

"ఆనాడే అనుకున్న."

నాకు ఏడుపు బదులు కోపం వచ్చింది. "తెలిస్తే గప్పుడే ఎందుకు చెప్పలే? నన్నెందుకు పోనిచ్చినవ్?" అని అరిచాను.

"నేను జెప్తే ఇన్నవా ఎన్నడన్న? గుడ్డ జెప్తే ఇంటవని ఊకున్న" అంది అవ్వ. కట్టుకున్న నేత చీర కొంగును తడుముకొని, చివర పంటితో కొరికి, పోగు వెంబడి జానెడు చింపి నా చేతిలో పెట్టింది. "ఇది ఎయ్యి. ఇప్పుడు ఇంట్ల పెద్దదాన్ని నేనే." తాత గుర్తుగా మిగిలిన ఒక్క ముక్కనూ కాల్చినందుకు ఆమె నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఉంటే, నేను ఎప్పుడో మరిచిపోయి ఉండేదాన్ని.

మనుమరాలు చదరం పూర్తిచేసింది. నేల మీద పరిచి "చూడు, ఎంత సాఫీగా ఉందో" అంది. నిమిరి చూశాను. కొత్త ముక్క వేలి కింద బిరుసుగా తగిలింది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, బాగుందని చెప్పాను. గుడ్డ చెప్పేదాకా అవ్వ నెల రోజులు ఊరుకుంది. ఈ గుడ్డ ఎన్నడు తడుస్తుందో, అందాకా ఊరుకొని చూసేంత కాలం నాకు మిగిలిందో లేదో.