ఇస్త్రీ అక్క మినిట్స్ పుస్తకం

ఆస్పత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్లుగా దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్న ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అంటారు. మూట రాగానే వార్డు, వేళ, మరకల వివరం రాసుకున్నాకే ముడి విప్పుతుంది. "మరక రాయకపోతే అది మనం చేసిందే అంటారు" అన్నది ఆమె సిద్ధాంతం.

లాండ్రీ ఆడవాళ్లు సంఘం పెట్టుకుని ఆమెను కార్యదర్శిని చేశారు. దాంతో సమావేశాల వివరాలు రాసే మినిట్స్ పుస్తకంలో తీర్మానాల సరసన అధ్యక్షురాలి ఆవలింతలు కూడా వేళతో సహా చరిత్రకెక్కాయి.

"నా పరువు బజారున పడేయడానికే పుట్టావటే?" అనేది అధ్యక్షురాలు.

"ఆవలించకు వదినా, రాయను."

ఒక మధ్యాహ్నం వాళ్లు చేతులకు గ్లవ్స్ ఇవ్వమని ఆస్పత్రి గేటు ముందు కూర్చున్నారు. 'నాలుగున్నరకు గుంపు కాపలా పోలీసుపై దాడి చేసింది' అంటూ అధికారులు వారం తిరగకుండా సంఘం గుర్తింపు రద్దు చేశారు. గ్లవ్స్ సంగతి దేవుడెరుగు, నలుగురూ కలిసి అడిగే నోరే పోయింది. అర్జీలన్నీ బుట్టదాఖలయ్యాయి.

ఏడాదికి, సభలు జరుపుకునే, సంఘాలు పెట్టుకునే హక్కు ఏ దేశంలో ఎలా ఉందో చూసే అంతర్జాతీయ పరిశీలకురాలు వచ్చింది. వీళ్లకిచ్చిన ఇరవై నిమిషాల్లో పదిహేను అధ్యక్షురాలి ఉపన్యాసానికే సరిపోయాయి.

"రుజువేమైనా ఉందా?" అని అడిగించింది పరిశీలకురాలు.

ఇస్త్రీ అక్క పుస్తకం తెరిచి ముందు పెట్టింది. దుబాసీ గొంతు సవరించుకుని చదివాడు:

"నాలుగూ పది: పోలీసాయన కాళ్లు లాగుతున్నాయన్నారు. కుర్చీ ఇచ్చాం. నాలుగూ ఇరవై: కునుకు. నాలుగున్నర: గురక. నినాదాలు మెల్లగా ఇవ్వాలని తీర్మానం. అయిదు: ఆయన్ని లేపి, వెళ్లొస్తామని చెప్పాం."

కింద హాజరైనవాళ్ల సంతకాలు. చివరిది పోలీసాయనది.

బాధితుడి నిద్ర చెడకుండా దాడి చేసిన గుంపు గురించి పరిశీలకురాలు అంతవరకు విని ఉండదు. కళ్లజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, పేజీ మొత్తం ఎత్తి రాసుకుంది. అది ఆమె నివేదికలో చేరి, దేశాలన్నీ కూర్చున్న సభలో ప్రశ్నగా లేచింది. ఎనిమిది నెలలకు గుర్తింపు తిరిగొచ్చింది.

తొలి సమావేశంలో అధ్యక్షురాలు రెండు చేతులూ జోడించింది. "నీ చాదస్తం చల్లగుండ!" అని పెన్ను తనే లాక్కుని, 'ఇస్త్రీ అక్క వల్లే సంఘం నిలిచింది' అని రాయబోయింది.

"అబద్ధాలు రాయకు వదినా," అంది ఇస్త్రీ అక్క, కళ్లు ఒత్తుకుంటూ. "అంత దూరం నుంచి వచ్చి మన మాట విన్న ఆ మహాతల్లి వల్ల. ఆ రోజు మీరంతా కుదురుగా కూర్చోవడం వల్ల. చివర్లో కావాలంటే నన్ను కూడా చేర్చు."

అలాగే రాశారు. రెండో తీర్మానం గ్లవ్స్ గురించి.