తాళంచెవి ఇచ్చిన కార్యదర్శి

పోలీసు చర్యతో పాత సర్కారు పోయాక నా కొలువూ పోయింది, తాగుడు మిగిలింది. కార్ఖానా బస్తీలో ఒక చర్చి వెనక గదిలో, తాగుడు మానినవాళ్లు ఆదివారాలు కూడి ఒకరి కష్టం ఒకరికి చెప్పుకునేవారు. మా ఆవిడ పోరు పడలేక నేనూ వెళ్లాను. ఆ సంఘానికి కార్యదర్శి ఒక రైల్వే ఫిట్టర్. ఎవరి చేతులు వణుకుతున్నాయో చూసి, వాళ్లకే చాయ్ కప్పులు అందించే పని ఇవ్వడం ఆయన అలవాటు. మొదటిరోజు సగం చాయ్ ఒలకబోశాను.

"ఒలికితే ఒలకని తియ్యి తమ్మీ, మల్ల పోస్తం," అన్నాడాయన.

మూడు నెలలకు కమిటీని మార్చే రోజు వచ్చింది. ఆయననే కొనసాగమని అందరూ బతిమాలారు.

"ఈ పెత్తనం సుత నిషా లెక్కనే ఎక్కుతది. నాకొద్దు," అని గది తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"నేను మల్ల తాగితే ఎట్లనే అన్నా?"

"నువ్వు రాకుంటే మేమంతా బయట నిలబడాలె. అది యాద్ పెట్టుకో."

ఆ వచ్చే ఆదివారమే కల్లు దుకాణం దాకా నడిచాను. లోపలినుంచి పాత స్నేహితులు కేకేశారు. తాళం వేసిన చర్చి గది బయట నిలబడ్డ మనుషులు కళ్లముందు మెదిలారు. వెనక్కి తిరిగి, దాదాపు పరుగెత్తాను.

మిగతావాళ్లు ఇంకా రాలేదు, ఆయన ఒక్కడే గది ముందు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు.

"పొద్దుగాలసంది తాగాలనిపిస్తుంది తమ్మీ, మస్తు పరేషాన్‌గుంది. జెర జల్ది తియ్యి," అన్నాడు.

తాళం తీశాను. ఆ సాయంత్రం ముందుగా ఆయనే మాట్లాడాడు. నేను ఎదురుగా కూర్చుని విన్నాను.