తాడు అటుకొస

పోలీసు గజఈతగాళ్ల దళంలో ఒకప్పుడు నలుగురు. ఇప్పుడు పేరుకే దళం, ఉన్నది అతనొక్కడే. "కొత్తవాళ్లని తీసుకోడానికి బడ్జెట్ లేదు బాబాయ్," అంటాడు ఎస్సై, అడిగినప్పుడల్లా. అయినా అతను సాయంత్రం సాధన మానడు. నడుముకు కట్టుకున్న తాడు రెండో కొసను ఒడ్డున జీపు బంపరుకు ముడేసి చెరువులో దిగుతాడు. అడుగుకు చేరగానే తాడును ఒకసారి లాగుతాడు. బాగానే ఉన్నానని దానర్థం. ఒడ్డునున్న మనిషి తిరిగి లాగి బదులివ్వాలి. జీపేం లాగుతుంది? అయినా కాసేపు ఆగి చూస్తేగాని అతను కదలడు.

ఆరోజు తాడు లాగింది. వెంటనే పైకి తేలాడు. ఒడ్డున, అప్పుడే వచ్చిన జీపు డ్రైవరు ముడి విప్పుతున్నాడు.

"జీపు ఎస్సై సార్‌కి కావాలంట అన్నా."

"విప్పుదువుగానిలే," అన్నాడతను, మొహం మీది నీళ్లు తుడుచుకుంటూ. "నేను మళ్లీ దిగుతా. ఇంకొక్కసారి లాగు."