సన్నసెగ వైద్యుడు

డాక్టరు కోదండపాణిగారు గుండె ఆగి పరమపదించారని బస్సులో ఎవరో అంటుంటే విని, దొరవారిసత్రంలో దిగడం మరచిపోయాను. ఆయన వైద్యశాల పక్కనే చిరకాలం మందుల అంగడి నడిపినవాణ్ణి. మొన్నటి సంతాపసభలో వక్తలు ఆయన సమయపాలనను, తెల్లచొక్కాను కీర్తించారు. పట్నం నుంచి వచ్చిన పెద్దవైద్యుడు ఒకాయన "పాపం, చేతివేగం తక్కువ" అని నవ్వాడు. ఆ నవ్వు నాకింకా అరగలేదు. ఆ నిదానమే ఒక మనిషి పరువు నిలిపిన సంగతి వేదిక మీద ఒక్కరికీ గుర్తు రాలేదా?

పులికాటు ఒడ్డున చెంగయ్య అనే బెస్తవానికి నడుమునొప్పి వచ్చింది. అక్కడ సరస్సును వంతులుగా పంచుకుని వలలు వేస్తారు. రోగి వంతు ఇంటికే ఉంటుంది, బంధువు వల వేసిపెడతాడు. ఒళ్ళు దాచుకునేవాడి వంతు పోతుంది. చెంగయ్య నడుముకు వాతలు పెట్టారు. వాతకు నొప్పి పోవాలి, పోలేదు గనుక నొప్పే లేదని పెద్దలు తేల్చబోయారు. పట్నం ఆసుపత్రివాళ్ళు మూత్రాన్ని కుతకుత మరిగించి, తేటగా ఉంది, ఏమీ లేదన్నారు. చదువుకున్న మూఢత్వమంటే అదీ.

ఎముకల మూలగలో పుట్టే ఒకరకం కాన్సరు తన మాంసకృత్తును మూత్రంలోకి విడుస్తుంది. సన్నసెగకు అది తెల్లగా విరుగుతుంది, మరిగితే కరిగిపోతుంది, చల్లారితే మళ్ళీ తేలుతుంది. తొందరపడేవాడికి కనబడదు.

చెంగయ్య తన దగ్గరికి వచ్చాక కోదండపాణిగారు గాజుగొట్టం, స్పిరిట్ దీపం పట్టుకుని వంతు తేల్చే పంచాయతీకే వెళ్ళారు. వెంట నేనూ ఉన్నాను. వేలాది జనం మూగారు. అబద్ధమెందుకు, పదిపన్నెండుమంది, ఒక మేక.

"డాకటరయ్యా, ఉచ్చ కాస్తే నిజం చెప్తాదా?" అన్నాడు అక్కడివాళ్ళు పెద్దకాపు అని పిలిచే కులపెద్ద.

"నీకంటే నయంగానే చెప్తుంది, పెద్దకాపూ. కూర్చో."

సన్నసెగకు చెంగయ్య మూత్రమున్న గొట్టంలో తెల్లదనం కమ్మింది, మరిగాక మాయమైంది. "గారడీ" అన్నారెవరో. చల్లారాక మళ్ళీ వచ్చింది. పెద్దకాపు పట్టుబట్టి తనదీ కాయించుకున్నాడు. ఏమీ రాలేదు. కాసేపు గొట్టాలు రెండూ మార్చి మార్చి చూసి, "వంతు చెంగయ్య ఇంటిదే. బామ్మరిది వల యేస్తాడు" అన్నాడు.

తరువాత ఆ పెద్దవైద్యుడే, "కనిపెట్టి ఏం లాభం? నయంచేసే మందు లేదుగా" అని ఎగతాళి చేశాడు. కోదండపాణిగారు సింహంలా గర్జించారని రాయబోయాను. గర్జించలేదు, కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "మందు లేదని రోగాన్ని అబద్ధం చేస్తామా? ఇవాళ ఇది జాడ. ఎప్పటికైనా దీన్నే గురిపెట్టి కొట్టే మందు వస్తుంది" అన్నారు. చెంగయ్యను మద్రాసు పంపి కిరణాల వైద్యం చేయించారు. నొప్పి తగ్గింది, మరుసటి వానలకు మనిషి పోయాడు.

డాక్టరుగారి అంత్యక్రియలకు ఆ వక్తలెవరూ రాలేదు. చెంగయ్య భార్య మునెమ్మ వచ్చింది. "మా ఆయన పోయినాడు గానీ సోంబేరి అనిపించుకుని పోలేదు సామీ. ఈ అయ్య లేకుంటే ఆ మాట నా బిడ్డలక్కూడా అంటుకునుండేది" అన్నది.

సంతాప తీర్మానంలో ఆ వాక్యం లేదు. ఆ మహనీయునికి నా నివాళి ఆ వాక్యమే. రోగి మాట నిజమేనేమోనని మంట తగ్గించి కూర్చునే మనిషి ఈ తీరంలో ఇక లేడు.