స్ట్రెచర్ కొక్కేలు

తొంభైల చివర్లో ఒక వేసవి మధ్యాహ్నం మాదాపూర్‌లో మదీనాగూడ వెళ్లే బస్సెక్కాను. సైబర్ టవర్స్ మీదుగా ఒక సైనిక హెలికాప్టర్ బాగా కిందుగా ఎగురుతూ వెళ్లింది. పక్క సీటాయన కిటికీలోంచి మెడ చాచి, అది కనుమరుగయ్యేదాకా చూశాడు.

"దాని సామాను మా కార్ఖానల చేస్తం సార్," అన్నాడు. "మొదట్ల గాయపడ్డోళ్ల స్ట్రెచర్లు పట్టే కొక్కేలు చేసినం. పోయినేడు అవి బంద్ జేసి, తుపాకులు బిగించే ఫ్రేములు చెయ్యమన్నరు."

"మంచిదేగా అండీ, మనవాళ్లకి బలం," అన్నాను.

"నేను గూడ గట్లనే ఖుషీ అయిన. మొన్న మళ్ల స్ట్రెచర్ కొక్కేలు అడిగిన్రు. ఎన్నడు లేనన్ని. మాకు సెలవులు గూడ లేవన్నరు."

"ఎందుకట?"

"ఎవ్వరు చెప్తలేరు." ఆయన అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "మా తమ్ముడు ఫౌజ్‌ల ఉన్నడు సార్, సరిహద్దు కాడ. కొక్కెం చేతిల వట్టుకున్నప్పుడల్ల వాడే యాదికొస్తున్నడు."

కొండాపూర్‌లో ఆయన దిగిపోయాడు.

కొన్ని వారాలకే సరిహద్దులో పోరు మొదలైంది. రోజూ పొద్దున్నే పేపర్లో చనిపోయిన జవాన్ల పేర్లు ఒక్కొక్కటే చదివేవాణ్ణి. ఆయన తమ్ముడి పేరేమిటో ఆ రోజు నేను అడగనే లేదు.